రంగూను రేవు



కళింగపట్టణము మొదలు కాకినాడ వరకు గల మన తీరమున, వయసు మీరిన పెద్దలను కదిపినచో, నేటికిని వారి నోట "రంగం" అను మాట వినవచ్చును. తాతగారు రంగం పోయి తిరిగి రాలేదనియో, మేనమామ రంగములో మేస్త్రీపని చేసెననియో, ఊరి పెంకుటిండ్లలో మొదటిది రంగం డబ్బుతో లేచినదనియో వారు చెప్పుదురు. ఆ రంగమే బర్మాదేశమునందలి రంగూను పట్టణము; నేడు యాంగోన్ అను పేరుతో, ఏబదిలక్షలకు మించిన జనముతో, తన నదియొడ్డున నిలిచియున్న మహానగరము. సోమరాజు రామానుజరావుగారి "రంగూన్ రౌడీ" నాటకమును పందిళ్లలో తెల్లవార్లు చూచిన పల్లెవాసులకు ఆ పేరు సుపరిచితమే కాని, ఆ పట్టణము ఎట్లు పుట్టినదో, ఎవరి చెమటతో పెరిగినదో, ఇప్పుడెట్లు బ్రతుకుచున్నదో తెలిసినవారు మనలో నానాటికి తగ్గిపోవుచున్నారు.

రంగూనును గురించి వ్రాసినవారిలో కొందరు బంగారు పగోడాతోను, మరికొందరు దానిని గెలిచిన రాజులతోను, ఏలిన దొరలతోను కథ నారంభింతురు. నేను నదితో నారంభించి, ఆ నదియొడ్డున బరువులు మోసిన భుజములను వెంబడింపదలచితిని. ఏలయన, ఏ కాలమునందు ఆ పట్టణము ఎవరిదో తెలిసికొనుటకు, పన్నుల పట్టీలకంటెను, ప్రభుత్వ శాసనములకంటెను, రేవుకట్టమీద బస్తా మోయుచున్నవాడెవడను ప్రశ్నయే నమ్మదగిన ఆధారమని నా నిశ్చయము.

రంగూను సముద్రపుటొడ్డున లేదు. సముద్రమును విడిచి, ఇరువది మైళ్లకు పైగా లోనికి వచ్చినగాని ఓడవానికి ఆ రేవు కనబడదు. ఉత్తరమునుండి దిగివచ్చు లైంగ్ నది పట్టణమునొద్ద తూర్పునకు మలుపు తిరిగి, రంగూను నది యను పేరు వహించి, పట్టణపు దక్షిణపుటంచును ఒరసికొనుచు పోయి, పెగూ నదితోను పజుందాంగు పాయతోను కలిసి సముద్రాభిముఖ మగుచున్నది. మహానది యైన ఐరావతి ఈ పట్టణమునకు దూరముగా పడమట పారుచున్నది. దానిని రంగూనుతో కలుపుటకు ఇంగ్లీషువారు పంతొమ్మిదవ శతాబ్ది చివర ట్వాంటే కాలువను త్రవ్వించి, పిమ్మట వెడల్పు చేయించిరి. ఎగువదేశపు టేకుదుంగలు, నూనె, ప్రత్తి, డెల్టాపొలముల ధాన్యము ఈ పాయలగుండ, ఈ కాలువగుండ రంగూను చేరుచుండెను.

ఈ నదికి నీరు నిండుగా ఉన్నను, నిలుకడ తక్కువ. దినమునకు రెండుమారులు సముద్రపు పోటు లోనికి చొచ్చివచ్చును. అమావాస్యా పూర్ణిమల దినములలో నీటిమట్టము పదునైదడుగులకు మించి ఎగసి, మరల అంత వేగముతో దిగిపోవును. ఆ రాకపోకలలో ఒండ్రుమట్టి ఎప్పటికప్పుడు మేటవేయుచుండును. నదులు కలియుచోట హేస్టింగ్స్ తిన్నె అనునొక మేట కలదు. పెద్ద ఓడ ఏదైనను దానిని దాటుటకు పోటుసమయము కొరకు వేచియుండవలసినదే. నదిలోతు తెలిసిన పైలటు లేనిదే ఏ కప్తానును లోనికి రాడు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున నది పట్టణమునకు ఎగువనున్న మలుపులో పడమటి గట్టును కోసికొనుచు, నౌకామార్గమునే రేవునుండి దూరముగా లాగుకొనిపోవునట్లు తోచినప్పుడు, జార్జి బుకానన్ అను ఇంజనీరు నాయకత్వమున రేవు అధికారులు పొదలకొమ్మలతో పెద్ద పెద్ద చాపలల్లించి, వానిని రాళ్ల బరువుతో నది అడుగునకు దింపి, వానిపై బండలు పేర్చి, సుమారు రెండు మైళ్ల పొడవు గోడ నొకదానిని 1914 నాటికి ముగించిరి. కొమ్మల చాపపై నిలిచిన ఆ గోడయే నదిని పట్టణముచెంత నిలిపినది. రంగూనులోని రాజభవనములనుగూర్చి పుటలు పుటలుగా వ్రాసినవారు ఈ గోడనుగూర్చి ఒక వాక్యమైన వ్రాయకపోవుట నాకు కష్టముగ తోచును.

పట్టణమునకు ముందు పగోడా కలదు. శింగుత్తర కొండపై వెలసిన శ్వేడగోన్ చైత్యమునందు బుద్ధభగవానుని ఎనిమిది కేశములు నిక్షిప్తమై యున్నవని బర్మీయుల విశ్వాసము. ఆ కేశములను తపుస్సుడు, భల్లికుడు అను ఇద్దరు వర్తకసోదరులు తెచ్చిరని ఐతిహ్యము. ఆ క్షేత్రపు మూలకథయందే రాజు కంటె ముందు వర్తకుడు వచ్చుట గమనింపదగినది. పదునైదవ శతాబ్దిలో హంసావతిని ఏలిన షిన్ సాబూ రాణి తన బరువునకు సరితూగు బంగారమును ఆ చైత్యమునకు పూతగా సమర్పించెను. నేడు సుమారు 326 అడుగుల ఎత్తున నిలిచి, ఎండలోను వెన్నెలలోను నదిపై వచ్చువానికి మొదట కనబడునది అదియే. దాని పాదమున చిరకాలము డగోన్ అను చిన్న యూరు మాత్రముండెను. వర్తకమంతయు నదికి ఆవలిగట్టుననున్న సిరియం రేవునకే చెందియుండెను. ఆ సిరియంను కొంతకాలము ఏలిన ఫిలిప్ ద బ్రితో అను పోర్చుగీసువాడు, ధమ్మజేదీ రాజు పోయించిన మహాఘంటను ఫిరంగులుగా కరగించు దురాశతో 1608లో పగోడానుండి దింపించి, తెప్పపై తరలింపబోగా, అది నదీసంగమమున మునిగిపోయెను. గజయీతగాండ్రు నేటికిని దానికై వెదకుచునే యున్నారు. ఒండ్రు దానిని విడువలేదు.

1755లో అలౌంగ్‌పయా రాజు డగోనును జయించి, కలహములు ముగిసినవను అర్థము వచ్చునట్లు దానికి యాంగోన్ అని నామకరణము చేసి, మరుసటి సంవత్సరమే సిరియంను నేలమట్టము చేసెను. ఓడలకు వేరు గతి లేక ఈవలి గట్టునకు వచ్చినవి. కాని ఆ నూతన పట్టణము, కొయ్యతోను వెదురుతోను కట్టినదగుటచే, పలుమారులు దగ్ధమయ్యెను. 1824లో ఇంగ్లీషు సేనలు ఓడలపై వచ్చి దానిని మొదటిసారి పట్టుకొనెను. రెండవ యుద్ధానంతరము 1852లో దానిని శాశ్వతముగా తమ అధీనము చేసికొనిరి. సింగపూరునందు పనిచేసిన అనుభవము గల మాంట్‌గోమరీ అను వైద్యుడు వేసిన నమూనాను అనుసరించి, అలెగ్జాండరు ఫ్రేజరు అను సైనిక ఇంజనీరు నదికి సమాంతరముగా పెద్దవీధులను, వానికి అడ్డముగా సన్నని సందులను గీచి, సూలే పగోడాను నడుమనుంచి, చదరంగపు బల్లవలె పట్టణమును తీర్చెను. నేల బురద, ఒక్కొక్క వీధిని మట్టితో ఎత్తుచేసినగాని ఇల్లు నిలువలేదు. ఆ మట్టి మోసినవారు ఎవరో ఆ నమూనాలో లేదు. సందులకు పేర్లు పెట్టు ఓపిక లేకనో యేమో, ఒకటవ వీధి, రెండవ వీధి అని అరువది దాటువరకు అంకెలే పెట్టిరి; అవి నేటికిని అట్లే చెల్లుచున్నవి.

ఆ దినములలోనే మొగలుచక్రవర్తులలో కడపటివాడైన బహదూర్షా జఫరు ఢిల్లీనుండి బందీగా ఈ పట్టణమునకు తీసికొనిరాబడి, 1862లో ఇక్కడనే కన్నుమూసెను. ఆయన సమాధిస్థానము జనులు మరచిపోగా, 1991లో మరల బయల్పడినది. అటు పిమ్మట బర్మారాజైన థీబో రత్నగిరికి కొనిపోబడెను. ఒక దేశపు రాజును మరియొక దేశమున నిర్బంధించుటలో ఆ ప్రభుత్వము చూపిన సామ్యము విచారింపదగినది.

రంగూను మహాపట్టణమగుటకు కారణము బియ్యము. 1869లో సూయజ్ కాలువ తెరవబడగానే, ఐరోపా విపణికిని ఐరావతి డెల్టాకును నడుమ దూరము తగ్గినది. పది లక్షల ఎకరములకు లోపుగా సాగగుచున్న దిగువబర్మా వరిపొలము, రెండు తరముల కాలములో ఎనుబది లక్షల ఎకరములను దాటెను. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు బర్మా ఏటా ముప్పదిలక్షల టన్నుల బియ్యమును ఎగుమతి చేయుచు, ఆ వ్యాపారమున లోకమునకు ప్రథమస్థానీయమై యుండెను. అందులో ఇంచుమించు సగము భారతదేశమునకే వచ్చుచుండెను. పజుందాంగు పాయ పొడవున బియ్యపుమిల్లులు వెలసినవి. ధాన్యపు ఊకనే కొలిమిలో వేసి ఆవిరియంత్రములను నడుపుచుండుటచే, ఆ మిల్లులకు బొగ్గు ఖర్చు లేదు; పంటకాలమున వాని పొగగొట్టములు రాత్రింబగళ్లు ఆరవు. 1865లో స్థాపింపబడిన ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీకి ఆరువందలకు పైగా నావలు ఉండి, నదీనౌకాదళములలో అంత పెద్దది ప్రపంచమున మరియొకటి లేదను ఖ్యాతి కలిగెను. అడవి నరికి పొలము చేసినది బర్మా రైతు. అతనికి పెట్టుబడి అప్పిచ్చినది చెట్టినాటి వర్తకుడు. ధర పడిపోయిన 1930 ప్రాంతమున ఆ అప్పుతోపాటు పొలమే చేతులు మారి, 1937 నాటికి దిగువబర్మాలోని ముఖ్యజిల్లాల సాగుభూమిలో నాలుగవవంతు చెట్టియార్ల వశమైనది. ఆ రైతు గుండెలో అప్పుడు రగిలిన మంటను మనవారు సకాలమున గ్రహింపలేదు.

ఇక రేవుకట్ట మీదికి వత్తము. మిల్లునుండి నావకు, నావనుండి ఓడకు, నూరు కిలోల వరకు తూగు గోనెబస్తాను వీపుమీదికెత్తుకొని, వంగిన నడుముతో పలకమెట్లమీద పరుగుపరుగున పోయినవారు ముఖ్యముగా తెలుగువారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల పల్లెలనుండి, వర్షములు లేనియేడు వేలకొలదిగా, పంట చేతికి వచ్చిన యేడు కొంత తక్కువగా, వారు పోవుచుండిరి. కాకినాడ చెంతనున్న కోరంగి పూర్వము ప్రసిద్ధమైన ఓడరేవగుటచే, అక్కడివారు తెలుగువారినందరిని "కొరంగీ"లనియే పిలిచిరి. బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఆగుచు పోవు బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరులమీద, డెక్కు టిక్కెట్టు కొని, చాపయు, చెంబును, మూటయు ప్రక్కన నుంచుకొని, ఆకాశమునే కప్పుగా చేసికొని, బంగాళాఖాతమును దాటుచుండిరి. వంగనవలాకారుడైన శరత్‌బాబు 1903 మొదలు 1916 వరకు రంగూనులో గుమాస్తాపని చేసెను. "శ్రీకాంత్"లో ఆయన చిత్రించిన డెక్కు ప్రయాణమును, ప్లేగుభయముచే పెట్టిన క్వారంటైను బాధలను చదివిన తెలుగు పాఠకులకు ఆ ఓడ ఎట్టిదో నేను వర్ణింపనక్కరలేదు.

వారిని తీసికొనిపోయినవాడు మేస్త్రీ. అతడును ఆ యూరివాడే, కొండొకచో బంధువే. ఓడఛార్జీకిని, ఇంటిలో తీర్చవలసిన అప్పునకును కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, కాగితముపై వేలిముద్ర వేయించుకొనును. రంగూనులో ఓడసరుకు దింపించు గుత్తదారు కూలిని పెద్దమేస్త్రీ చేతికిచ్చును. అతడు తన భాగము తీసికొని చిన్నమేస్త్రీకిచ్చును. అతడును తన భాగము తీసికొని, అడ్వాన్సుక్రింద కొంత, బసక్రింద కొంత, తిండిక్రింద కొంత తగ్గించి, మిగిలినది మిగిలినప్పుడు కూలివానికిచ్చును. వలసకార్మికుల రక్షణశాఖలో పనిచేసిన ఇ. జె. ఎల్. ఆండ్రూ అను అధికారి 1933లో రంగూనునందలి భారతీయ కార్మికులనుగూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ పద్ధతి సవిస్తరముగా వర్ణింపబడినది. పగటిపనివాడు లేచిన చాపమీదనే రాత్రిపనివాడు పండుకొను బసలు ఆ పట్టణమున కోకొల్లలు. రేవుపని మాత్రమే కాదు. రిక్షా లాగినవారిలోను, వీధులూడ్చి పాకీపని చేసినవారిలోను మనవారే మిక్కుటముగ నుండిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య 400,415. అందు భారతీయులు 212,929. అనగా, బర్మా రాజధానిలో బర్మీయుడే అల్పసంఖ్యాకుడు. తన రాజధానిలో తాను అతిథివలె నడువవలసి వచ్చినవాని మనస్సు ఎట్లుండునో, బానిసత్వము అనుభవించిన మనకు తెలియకపోదు.

1930వ సంవత్సరము మే 5న పెగూ భూకంపము రంగూనును కూడ కదలించినది. ఆ దినముననే మన దేశమున గాంధీమహాత్ముని నిర్బంధించిరి. ఆ మాసముననే రేవులోని తెలుగు కార్మికులు కూలి పెంపుకొరకు సమ్మెకట్టిరి. నౌకాకంపెనీల గుత్తదారులు, పొలముపోగొట్టుకొని పట్టణము చేరియున్న బర్మీయులను పిలిచి, ఆ పనిలో పెట్టిరి. కొలది దినములకే తెలుగువారితో రాజీ కుదిరినది. బర్మీయులతో అవసరము తీరినది. అవసరము తీరినదను ఆ మాటను వారికి ముందుగా చెప్పవలెనను తలంపు ఎవరికిని కలుగలేదు. మే 26న ఉదయమున, యథాప్రకారము పనికి వచ్చిన బర్మీయులు, తమ స్థానమున తెలుగువారు నిలిచియుండుట చూచిరి. ఒక ఎగతాళిమాట, దానికొక ప్రతిమాట, పిమ్మట కర్రలు, పిమ్మట కత్తులు. మధ్యాహ్నమునకు కలహము రేవునుండి వీధులకు ప్రాకి, కొన్ని దినములు పట్టణమునంతను పట్టి పీడించినది. మరణించినవారు వందమందికి పైబడిరి; అందు అత్యధికులు తెలుగువారు. బసల తలుపులు బిడాయించుకొని, నీరును తిండియు లేక, బయట చప్పుడు వినుచు కూర్చున్న ఆ మనుష్యుల పేర్లు మన చరిత్రగ్రంథములలో లేవు. తప్పెవరిదని నన్నడిగినచో, కర్ర పట్టినవానికంటె ముందుగా, ఒక పేదవాని ఆకలిని మరియొక పేదవాని సమ్మెపై ప్రయోగించి, పని తీరగానే ఇద్దరిని ఒకే గట్టుమీద వదలి ఇంటికి పోయినవానిదని చెప్పుదును. కలహానంతరము రేవుపనిలో బర్మీయులకును భాగమీయవలెనని ఒప్పుకొనిరి. ఆ ఒప్పందము సమ్మెదినముననే కుదిరియుండిన, ఆ శవములు లేచియుండవు. 1937లో బర్మా భారతదేశమునుండి విడదీయబడెను. 1938లో మరల కలహములు చెలరేగినవి.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. ఆకాశము వంక ఆశ్చర్యముతో చూచుచు వీధులలో నిలిచిన జనులలో వెయ్యిమందికి పైగా మరణించిరి. మరునాడే కొరంగీలు పట్టణమును విడిచి నడకసాగించిరి. అప్పుడు తెలిసినది ఆ పట్టణము ఎవరి భుజములపై నిలిచియుండెనో! ఓడలు సరుకుతో నిలిచిపోయినవి; వీధులు కంపుకొట్టినవి. ప్రభుత్వమువారు ప్రోము దారిలో పోవుచున్నవారిని రేవుపనికై నచ్చజెప్పి వెనుకకు మరలించిరి. అట్లు మరలినవారు రెండవమారు బయలుదేరునప్పటికి దారి మరింత ప్రాణాంతకమైనది. 1942 మార్చి 8న జపానువారు పట్టణమును ప్రవేశించిరి. నాలుగైదు లక్షల భారతీయులు, టౌంగుప్ కనుమ మీదుగా అరకానునకును, అడవిదారుల మణిపురమునకును, చేతిలో పిల్లవానితో, నెత్తిన మూటతో నడచివచ్చిరి. కలరా, మలేరియా, ఆకలి వేలాదిమందిని దారిపొడవునను రాల్చివేసినవి. ఓడలో చోటు దొరకినది డబ్బున్నవారికి. నడక దక్కినది ఓడలు నింపినవారికి. ఐరావతి ఫ్లోటిల్లా నావలను శత్రువునకు చిక్కకుండ వాని యజమానులే నదిలో ముంచివేసిరి.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పదగినది. 1944 ఆరంభమున నేతాజీ తన స్వతంత్రభారత ప్రభుత్వకేంద్రమును రంగూనునకు మార్చెను. 1947 జూలై 19న, ఎఱ్ఱయిటుకలతో కట్టిన సచివాలయమునందు మంత్రులతో కూర్చుండియున్న బర్మా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్‌సాన్ హతుడయ్యెను. 1948 జనవరి 4న దేశము స్వతంత్రమయ్యెను. 1962లో సేనాపతి నెవిన్ అధికారము హరించి, దుకాణములను, మిల్లులను, బ్యాంకులను జాతీయము చేసెను. 1964లో పెద్దనోట్లను రద్దుచేసెను. తాతల నాటినుండి అక్కడ పుట్టి పెరిగిన భారతీయులు మూడులక్షల వరకు, పెట్టెలు తనిఖీ చేయించుకొని, వట్టిచేతులతో మరల ఓడలెక్కిరి. విశాఖపట్టణమునందలి బర్మాక్యాంపు ఆ జనమునకు ఏర్పడినదే. రేవుకట్టపై అప్పటికి బర్మీయుడే మోయుచుండెను. కాని మోయుటకు బియ్యము తగ్గిపోయినది. ముప్పదిలక్షల టన్నులు పంపిన దేశము పదిలక్షలైన పంపలేని స్థితికి వచ్చెను.

ఇప్పటి యాంగోన్ ఎట్లున్నది? 2005లో రాజధాని నెపిడోకు తరలిపోయినను, పట్టణము చిన్నదికాలేదు. 2014 లెక్కలలో యాంగోన్ ప్రాంతపు జనము డెబ్బదిమూడు లక్షలు. పాత నడిపట్టణమున ఐదారంతస్తుల ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని నిలిచియున్నవి. వానికి లిఫ్టులు అరుదు. ప్రతి వసారానుండి వీధిలోనికి ఒక త్రాడు వ్రేలాడుచుండును. దాని కొసన ఒక క్లిప్పో, సంచియో ఉండును. ఉదయమున పేపరుకుర్రవాడు పేపరును దానికి తగిలించి పోవును. కూరలమ్మి కేకవేయగా, నాలుగవ అంతస్తునుండి ఇల్లాలు డబ్బుతో సంచిని క్రిందికి వదలి, టమాటాలతో పైకి లాగుకొనును. త్రాటికి చిన్నగంట కట్టినవారును కలరు. క్రిందివాడు దానిని లాగిన, పైన గంట మ్రోగును. వీధియరుగులపై చిన్న ప్లాస్టిక్ పీటలు వేసిన టీదుకాణములలో ప్రొద్దున మొహింగా అను చేపలపులుసు సేమియా తినుచు, పాలటీ త్రాగుచు, జనులు గంటలకొలది మాటలాడుదురు. స్త్రీలును పిల్లలును థనకా అను చెట్టు చెక్కను సానపై అరగదీసి, ఆ గంధమును బుగ్గలకు పూసికొందురు. 2003 నుండి పట్టణమున మోటారుసైకిళ్లు నిషిద్ధము. 1970 డిసెంబరులో ఒక్కరాత్రిలో వాహనములన్నియు ఎడమప్రక్కనుండి కుడిప్రక్కకు మార్చబడినవి. కాని జపానునుండి వచ్చిన పాతకారులకు చక్రము నేటికిని కుడివైపుననే ఉన్నది. ఇరువదితొమ్మిది మైళ్ల చుట్టురైలు, డన్యింగోన్ సంతనుండి కూరగాయల మూటలతో నిండి, పట్టణమును చుట్టివచ్చును.

నదికి ఆవలిగట్టున డలా అను ఊరు కలదు. ఉదయమున డలానుండి, సాయంకాలమున డలాకు, పనివారును విద్యార్థులును అమ్మకపుగంపలును క్రిక్కిరిసి ఫెర్రీమీద దాటుచుందురు. 2014 నుండి జపాను దానముగా ఇచ్చిన పడవలు ఆ పని చేయుచున్నవి. అచ్చటినుండి చూచినచో, ఒక వైపున స్ట్రాండు వీధిలోని పాతకార్యాలయముల స్తంభములు, మరియొక వైపున కంటెయినరుల గుట్టలు, నడుమ ఆకాశమున శ్వేడగోన్ శిఖరము కనబడును. ఓడ పెద్దదైనకొలది పట్టణపు రేవు చిన్నదైనది. హేస్టింగ్స్ తిన్నె పాతకాలమునందువలెనే అడ్డుపడుచుండుటచే, దానికి దిగువన తిలావా యొద్ద క్రొత్తరేవును, పరిశ్రమలపేటను నిర్మించిరి. దేశపు సముద్రవర్తకమున నూటికి తొంబదివంతులు నేటికిని ఈ నదిమీదుగనే సాగుచున్నది. బస్తాలను మోయు భుజముల స్థానమున క్రేన్లు వచ్చినవి. 2008 మే మాసమున నర్గీస్ తుపాను డెల్టాను ముంచి, లక్షకు మించిన ప్రాణములను కొనిపోయినప్పుడు, రేవునందలి పడవలును నీట మునిగినవి.

2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారమును చేజిక్కించుకొనగా, ఉపాధ్యాయులు, వైద్యులు, రైల్వేవారు పనిమానిరి. సుంకపుకార్యాలయ ఉద్యోగులును, లారీనడుపువారును వారితో చేరుటచే, కంటెయినరులు రేవున గుట్టపడి నిలిచిపోయినవి. ఎనుబదేండ్లకు పిమ్మట ఆ రేవు, ఈ మారు బాంబువలన గాక, మనుష్యుల నిశ్చయమువలన, మరల నిశ్శబ్దమైనది. దానికి వారు చెల్లించిన వెల అధికము. మార్చిమాసమున, కుట్టుమిల్లుల కార్మికులు నివసించు లైంగ్‌తాయా పేటలో, ఒక్కదినమున పదులకొలది జనులు తుపాకిగుండ్లకు బలియైరి. అటు పిమ్మట విద్యుత్తు వంతులవారీగా వచ్చుచున్నది, రూకవిలువ పడిపోయినది, ఇండ్లముందర జెనరేటరుల మ్రోత నిత్యకృత్యమైనది.

ఈ పట్టణమున తెలుగువారు నేటికిని కలరు. లుంగీవంటి లొంజీ కట్టి, బజారులో బర్మాభాష మాటలాడుచు, అక్కడి పేర్లతో అక్కడివారుగానే బ్రతుకుచు, రామమందిరములలోను తెలుగు చర్చిలలోను ఆదివారమున కలిసికొని, పిల్లలకు అ ఆలు నేర్పుచున్న కుటుంబములు యాంగోన్‌లోను, చుట్టునున్న ఊళ్లలోను ఉన్నవి. మన పల్లెలనుండి పోయినవారి మునిమనుమలు వారు. వారి యోగక్షేమములు మనకు పరాయిసంగతులు కావు.

వారి యువకులును, పొరుగింటి బర్మా యువకులును ఇప్పుడొక్కదారిననే పోవుచున్నారు. 2024 ఫిబ్రవరిలో సైన్యసేవను నిర్బంధము చేయు శాసనమును అమలుపరుపగా, పాస్‌పోర్టు కార్యాలయముల ముందర వరుసలు పెరిగినవి. రంగూనునకు మనుష్యులు వచ్చుకాలము పోయి, రంగూనునుండి పోవుకాలము వచ్చినది. థాయిలాండునందలి సముత్‌సాఖోన్ రేవులో చేపలను శుభ్రముచేయు గోదాములలోను, బ్యాంకాకులో లేచుచున్న మేడలపైనను పనిచేయువారిలో బర్మావారు లక్షలసంఖ్యలో నున్నారు. వారిని సరిహద్దు దాటించి పనిలో కుదుర్చు దళారి, కాగితములకును, ప్రయాణమునకును, బసకును ముందుగా ఖర్చుపెట్టి, దానిని వారి జీతమునుండి నెలనెలకు తగ్గించుకొనుచున్నాడు; చాలమందికి తొలినెలల కూలి ఆ బాకీకే చాలక, ఇంటికి పంపుటకు ఏమియు మిగులుట లేదు.